ఐదడుగుల ఎడం

ఆదివారం మధ్యాహ్నం పాప నిద్రపోయిందంటే ఆ ఇంట్లో యుద్ధం మొదలైనట్టే. మొగుడూ పెళ్ళాల యుద్ధం కాదు. ఫిరంగులూ, తుపాకులూ, గుర్రాలూ ఉన్న అసలు సిసలు యుద్ధం. రెండు వందల ఏళ్ళ కిందట నెపోలియన్ కాలంలో జరిగిన పోరాటాలను, అప్పుడు జరిగిన తీరులోనే, కంప్యూటర్ ఆటలో మళ్ళీ జరిపించే బృందం ఒకటుంది. ఎక్కడెక్కడి వాళ్ళో నూట ముప్పైమంది, ఎవరింట్లో వాళ్ళు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుని, తెర మీద మాత్రం ఒకే మైదానంలో భుజానికి భుజం ఆనించి నిలబడతారు. వాళ్ళందరినీ పోగుచేసేది, ఏ దళం ఎక్కడుండాలో రాసిచ్చేది, తప్పు చేసినవాణ్ణి పడగొట్టేది ఒక్క మనిషి. ఆ మనిషికి ఇరవై నాలుగేళ్ళు, పది నెలల పాప. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. వాషింగ్ మెషిన్‌కీ ఉయ్యాలకీ మధ్య ఇరుకున ఒక మడతబల్ల, దాని మీద పాత కంప్యూటర్.

భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆఫీసులు మూసి ఉండేది ఆదివారమే కాబట్టి అతనికి పని ఎక్కువుండేదీ ఆదివారమే. ఈ ఆట మొదట అతనిదే. పాప కడుపులో ఉండగా డాక్టరు మంచం దిగొద్దంటే, ఏమీ తోచక ఆమె అతని పక్కన పడుకుని తెర చూసేది. చూసి చూసి ఒకరోజు అడిగింది.

"ఏమండీ, వీళ్ళంతా ఇలా గుంపుగా పరిగెత్తుతున్నారేంటి, అప్పట్లోనూ ఇలాగే పరిగెత్తేవాళ్ళా?"

"నాకేం తెలుసే, నేనేమన్నా వెళ్ళి చూసొచ్చానా," అన్నాడతను.

తనే వెతుక్కుని చదివింది. నాలుగు నెలలు తిరిగేసరికి అతనికి ఆట మొహం మొత్తింది, ఆమెను పట్టుకుంది. పట్టుకోవడానికి కారణం ఉంది. ఆమెది భయస్థురాలి స్వభావం. గ్యాసు కట్టేశానో లేదో అని నాలుగుసార్లు చూసుకునేది. నిద్రపోతున్న పాప ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసేది. పాప ఉలిక్కిపడి లేచి ఏడిస్తే గానీ ఆమెకు నిమ్మళించేది కాదు. ఇంట్లో అందరూ విసుక్కునే ఆ భయమే అక్కడ అక్కరకొచ్చింది. ఎవరొస్తున్నారు, ఎవరు మానేశారు, ఏ కోటు ఏ రంగు, ఏ రోజు వాన పడిందీ, అన్నీ ఒకటికి పదిసార్లు సరిచూసే మనిషి ఏ బృందానికైనా కావాలి కదా. ఏడాదిలో డప్పు కొట్టే సిపాయి నుంచి రిఫరీ దాకా ఎదిగింది.

ఎదిగే దారిలో ఒక చిన్న సంగతి జరిగింది. గుర్రపు దళం మీదికొస్తే కాలిబంట్లు చదరంగా ఎందుకు నిలబడతారో ఒకసారి ఆమె అందరికీ విడమరిచి చెబుతుంటే, ఎవరో మధ్యలో అడిగారు: "మీరు హిస్టరీ టీచరా అండీ? అంత బాగా చెబుతున్నారు." సరిగ్గా అప్పుడే పాప గుక్కపెట్టింది. ఆమె మైకు కట్టేసి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి ఆమె జవాబివ్వకపోవడమే జవాబైపోయింది. అప్పటినుంచి అందరికీ ఆమె టీచరమ్మ. తొమ్మిదో తరగతి సగంలో, తల్లి జబ్బుపడితే చెల్లెళ్ళను చూసుకోవడానికి బడి మానేసిన సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. రేపు చెబుదాం, వచ్చేవారం చెబుదాం అనుకుంటూనే ఆ పిలుపుకు పలకడం అలవాటు చేసుకుంది. నిజం చెప్పాలంటే, ఎవరైనా అలా పిలిచినప్పుడు కూర్చున్నచోటే నడుం కాస్త నిటారయ్యేది.

ఆటలో రూల్సు కఠినం. అన్నీ ఆమె రాసినవే. వరసలో నిలబడాలి. అధికారి కాల్చమంటేనే కాల్చాలి. ఆ కాలపు తుపాకి గుండు ఎటు పోతుందో దానికే తెలియదు కాబట్టి, అందరూ కలిసి ఒక్కసారి కాలిస్తేనే ఫలం. వరస విడిచి ఒంటరిగా కాల్చినవాణ్ణి రిఫరీ ఒక మీట నొక్కి ఉన్నచోటే కూల్చేస్తుంది. వరసలో సిపాయిలు నోరెత్తకూడదు, మాట్లాడేది అధికారులే. ఒక్క లైటు కంపెనీకి మాత్రం మినహాయింపు. అంటే శత్రువును దూరం నుంచే చికాకుపెట్టడానికి ముందుకు పంపే చిన్న దళం. వాళ్ళు విడివిడిగా, చెట్టుచాటునో గోడచాటునో నిలబడి, ఎవరికి వాళ్ళే కాల్చుకోవచ్చు.

ఆ ఆదివారం వాటర్లూ. ఎర్రకోట్ల రిజిమెంటుకు కల్నల్‌గా ఉండేది రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే టెక్నీషియను. మనిషి మంచివాడే గానీ పరువు దగ్గర ప్రాణం పెడతాడు. అతని దగ్గర మూడో కంపెనీలో గుండీల బాబాయి కార్పొరల్, అంటే సిపాయిల్లోనే ఒక మెట్టు పైవాడు. యాభై ఏడేళ్ళవాడు, వృత్తి దర్జీ. ఏ రిజిమెంటు కోటుకు ఎన్ని గుండీలు, ఎంతెంత దూరంలో కుట్టేవారు అని తప్ప ఇంకో ప్రశ్న అడిగేవాడు కాదు, అందుకే ఆ పేరు. కార్పొరల్ పట్టీ రావడానికి ఆయనకు ఏడాది పట్టింది. అది వచ్చిన రోజు కంప్యూటర్ తెర ఫొటో తీసి, ప్రింటు వేయించి, షాపులో కుట్టుమిషను ఎదురుగా అంటించుకున్నాడట.

మూడింటికి లెక్క తీసుకున్నారు. మూడుంబావుకు డప్పులు మోగాయి. రిఫరీకి ఆటలో ఒళ్ళుండదు, గద్దలాగా పైన తిరుగుతూ చూస్తుంది. ఆమె ఒక కాలితో ఉయ్యాల ఊపుతూ, ఒక చేత్తో మౌసు తిప్పుతూ, ఇంకో చేత్తో నోటుపుస్తకం పేజీ పట్టుకుని కూర్చుంది. మూడో కంపెనీ ఒక తోటను కాపాడుతోంది. చెట్ల మధ్య పదిహేనుమంది వరసగా నిలబడ్డారు. పాప కదిలింది. ఆమె అటు చూసి ఇటు తిరిగేసరికి, వరసకు దూరంగా ఒక చెట్టుచాటు నుంచి ఒంటిగా పొగ లేచింది. దగ్గరికి వెళ్ళి పేరు చూసింది. గుండీల బాబాయి. నోటుపుస్తకం చూసింది. మూడో కంపెనీ: వరస. అంతే. మీట నొక్కింది. ఎర్రకోటు ఒకటి చెట్టు మొదట్లో కూలిపోయింది.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. రిఫరీ ఎవరిని ఎందుకు పడగొట్టిందో అందరికీ వినబడేలా చెప్పాలని కూడా ఒక రూలుంది. ఆమె మైకు నొక్కి, గొంతులో టీచరమ్మను తెచ్చుకుని అంది:

"గుండీలు లెక్కపెట్టడం వస్తే చాలదు బాబాయిగారూ, వరసలో నిలబడటం కూడా నేర్చుకోవాలి."

నూట ముప్పైమంది నవ్వారు. యుద్ధం మధ్యలో అంత నవ్వు ఎప్పుడూ వినలేదు. ఆమెకు కూడా నవ్వొచ్చింది. తన మాట అంత బాగా పేలినందుకు చెవులు వెచ్చబడ్డాయి.

యుద్ధమయ్యాక కల్నల్, రిఫరీ చేత పడ్డవాడు తన రిజిమెంటులో పట్టీ పెట్టుకోవడానికి వీల్లేదని, కార్పొరల్ పట్టీ పీకేశాడు. "ఏమంటారు బాబాయ్?" అని అడిగాడు పద్ధతి కోసం. బాబాయి గొంతు వినబడింది. "టీచరమ్మగారు అన్నారంటే తప్పే అయ్యుంటుంది. ఏమీ అననండీ." అని చెప్పి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆరున్నరకు పాప పాలు తాగి నేల మీద దొర్లుతుంటే, యుద్ధం మీద నివేదిక రాద్దామని ఆమె గురువారం నాటి నోటీసు తెరిచింది. ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పే నోటీసు అది. బృందం పేజీలో అందరూ చూసేలా పెడుతుంది. కింది దాకా వచ్చింది. చివరి నుంచి రెండో వాక్యం దగ్గర కళ్ళు ఆగిపోయాయి.

"తోటలో మూడో కంపెనీ లైటు కంపెనీగా వ్యవహరిస్తుంది, ఐదడుగుల ఎడంలో విడిగా నిలబడి కాల్చవచ్చు."

తన రాతే. గురువారం ఒక దళం రాలేమని చెబితే అప్పటికప్పుడు సర్దుబాటు చేసింది. పాపకు పళ్ళొస్తూ ఒళ్ళు వెచ్చబడి చంక దిగకపోతే, ఒంటిచేత్తో ఆ వాక్యం కొట్టి పెట్టేసింది. నోటుపుస్తకంలో మార్చుకోవడం మర్చిపోయింది. నోటీసు చివరిదాకా ఎవరు చదువుతారు? కల్నల్ చదవలేదు. మిగతా పద్నాలుగుమంది చదవలేదు, అలవాటుగా వరసలో నిలబడ్డారు. నూట ముప్పైమందిలో దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివి, చదివింది చదివినట్టు చేసిన మనిషి ఒక్కడే. ఆ ఒక్కణ్ణీ పట్టుకుని పడగొట్టింది. వరసలో నోరెత్తకూడదని తనే రాసింది కాబట్టి ఆయన నోరు కూడా ఎత్తలేకపోయాడు.

వెంటనే రాసేయాలి, తప్పు నాది అని రాసేయాలి అనుకుంది. రాయడానికి పేజీ తెరిచింది కూడా. నూట ముప్పైమంది నవ్వు మళ్ళీ చెవుల్లో మోగింది, ఈసారి తన మీద. 'టీచరై ఉండి ఆమాత్రం చూసుకోవద్దా' అని ఎవరో అన్నట్టే వినబడింది. ఇంకొకరు 'అసలు ఏ బడిలో చెబుతారు మీరు' అని అడిగినట్టు కూడా. వేలు దానంతట అదే వెళ్ళి ఆ వాక్యాన్ని పట్టుకుంది. చెరిపేసింది. మూడు సెకన్లు పట్టిందేమో. పైవాక్యమూ కిందివాక్యమూ దగ్గరికి జరిగి, మధ్యలో ఏమీ లేనట్టే అతుక్కుపోయాయి. నోటీసు పక్కన సన్నటి అక్షరాల్లో 'సవరించబడింది' అని పడింది గానీ, ఆమె నోటీసులన్నిటి పక్కనా ఆ ముక్క ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు.

పాప బల్లకాలు పట్టుకుని నిలబడి ఆమెను చూసి నవ్వింది. ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. పది నెలల పిల్ల ముందు మొహం చెల్లకపోవడమేమిటో ఆమెకే అర్థం కాలేదు.

సోమవారం ఏమీ కాలేదు. చిన్న సంగతే, అందరూ మర్చిపోతారు అనుకుంది. మంగళవారం పాప బట్టలు ఆరేస్తుంటే ఫోను మోగింది. గుండీల బాబాయి ఉత్తరం లాంటి సందేశం పంపాడు.

"టీచరమ్మగారికి నమస్కారం. ఆదివారం నావల్ల మీకు ఇబ్బంది కలిగింది. మూడో కంపెనీ ఐదడుగుల ఎడంలో నిలబడి కాల్చవచ్చని నోటీసులో చదివినట్టు నాకు బాగా గుర్తు. నిన్న మళ్ళీ చూస్తే అలాంటి వాక్యమే లేదు. మూడుసార్లు చూశాను. మా ఆవిడ చేత చదివించాను. లేదు. ఈ మధ్య సూదిలో దారం ఎక్కించడానికి నాలుగైదుసార్లు పడుతోంది, కళ్ళే కదా అనుకున్నాను. ఉన్నది కనబడకపోతే కళ్ళ జబ్బు. లేనిది కనబడితే ఏమనాలి? మా అమ్మకు చివర్లో ఇలాగే మొదలైంది. రాని ఉత్తరాలు చదివి వినిపించేది. చదువుకున్నవారు కదా, మీకు చెప్పాలనిపించింది. ఇకముందు కొలతలు చూసి కత్తెర పెట్టే పని తగ్గించుకుందామనుకుంటున్నాను. ఒకరి గుడ్డ పాడుచేస్తే మాట పోతుంది."

ఆమె తడిబట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నీళ్ళు మోచేతి మీదుగా కారి పాదాల మీద పడుతున్నాయి. ఒక మనిషిని ఆటలో పడగొట్టడం వేరు. తన తల మీద తనకే నమ్మకం పోయేలా చేయడం వేరు. అది చేసింది శత్రువు కాదు, ఫిరంగి కాదు. మూడు సెకన్లు పనిచేసిన తన చూపుడువేలు.

అయినా నిజం చెప్పలేదు. చెప్పకుండా ఆయన మనసు బాగుచేసే దారి ఉందేమోనని బుధవారమంతా వెతికింది. చివరికి ఇలా రాసింది: "బాబాయిగారూ, ఆ పేజీ ఒక్కోసారి పాత నోటీసులూ కొత్త నోటీసులూ కలిపి చూపిస్తుంది. మీరు వేరే వారం నోటీసు చదివి ఉంటారు. కంగారుపడకండి."

గంటలో జవాబొచ్చింది. "నా మనసు కుదుటపడాలని ఇలా అంటున్నారు. మీ మంచితనం. పాత నోటీసులన్నీ తీసి చూశాను టీచరమ్మగారూ, ఎందులోనూ లేదు. ఇవాళ ఒకరి సూటు గుడ్డ పక్కషాపుకు పంపించేశాను. ఇరవై ఎనిమిదేళ్ళలో ఇదే మొదటిసారి. శనివారం డాక్టరు దగ్గరకు వెళ్ళమంటోంది మా ఆవిడ."

'మీ మంచితనం' అన్న మాట దగ్గర ఆమెకు ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. కొట్టినా బాగుండేది.

శుక్రవారం పొద్దున భర్త సింకు దగ్గర చేతులకున్న గ్రీజు వదిలించుకుంటుంటే, పాపను చంకనేసుకుని వెనక నిలబడింది.

"ఏమండీ, నాకు తెలిసిన ఒకావిడ ఉంది."

"ఊఁ."

"ఆవిడ ఒక తప్పు రాసింది. దానివల్ల ఒక పెద్దాయన మాటపడ్డాడు. తరవాత ఆవిడ ఆ రాసింది చెరిపేసింది. ఇప్పుడా పెద్దాయన తనకే మతి పోతోందనుకుంటున్నాడు."

అతను సబ్బు చేతులతోనే వెనక్కి తిరిగాడు. "ఆ ఒకావిడ చంకలో మన పాప ఉందేంటి?"

ఆమెకు ఏడుపొచ్చింది. మొత్తం చెప్పేసింది. అతను విని, "ఓసి పిచ్చిదానా, ఆటే కదే. ఫోన్ చేసి సారీ అంటే పోతుంది," అన్నాడు.

"అంటే అందరికీ తెలుస్తుంది. టీచరమ్మ ఇంత పని చేసిందా అంటారు. అసలు టీచరే కాదని కూడా తెలుస్తుంది."

"నువ్వు టీచరువని వాళ్ళకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. కాదని కూడా ఎవరూ చెప్పలేదు."

అతను నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "మా దగ్గర ప్రతి లిఫ్టులోనూ ఒక కార్డుంటుంది, ఏ రోజు ఏం బాగుచేశామో రాయాలి. తప్పు రాస్తే ఏమీ అనరు. ఒక గీత కొట్టి, పక్కన సరైంది రాసి సంతకం పెడితే చాలు. చెరిపితే మాత్రం ఆ రోజే ఇంటికి పంపిస్తారు. ఎందుకంటే రేపు ఆ కార్డు చూసి ఇంకొకడు లిఫ్టు కింద దూరతాడు." ఆ మాట ఆమెను ఉద్దేశించి అన్నాడో, మామూలుగా పని సంగతి చెప్పాడో తెలియదు. సంచీ భుజాన వేసుకుని, పాప బుగ్గ గిల్లి వెళ్ళిపోయాడు.

శనివారం పదకొండింటికి ఆయనకు ఫోన్ చేసింది. మొదటిసారి మోగి ఆగిపోయింది. ఎత్తనందుకు ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అలా లేచొచ్చినందుకు సిగ్గేసి మళ్ళీ చేసింది. ఈసారి ఎత్తాడు. వెనక కుట్టుమిషను చప్పుడు ఆగకుండా వస్తోంది.

"బాబాయిగారూ, డాక్టరు దగ్గరకు వెళ్ళారా?"

"వెళ్ళాలి టీచరమ్మగారూ, నాలుగింటికి రమ్మన్నారు. ఈలోగా లోపలి కుట్లు వేస్తున్నాను. తిన్నగా పోయే కుట్లకు బుర్రతో పనిలేదు కదా."

పాప ఫోను లాక్కోబోతే చెయ్యి పట్టుకుంది. "ఆ వాక్యం ఉందండీ," అంది.

"ఏ వాక్యం?"

"ఐదడుగుల ఎడం. నోటీసులో ఉంది. మీరు చదివినట్టే ఉంది. నేనే రాసి మర్చిపోయాను. ఆదివారం సాయంత్రం చూసుకుని, నేనే చెరిపేశాను. మీరు వెతుక్కునేసరికి అందుకే లేదు. మొన్న పాత నోటీసులు కలిసిపోతాయని చెప్పింది కూడా అబద్ధమే."

మిషను ఆగిపోయింది. చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగాడు:

"ఐదు అని అంకె వేయలేదు. అక్షరాల్లో రాశారు. అవునా?"

"అవునండీ."

"లైటు కంపెనీగా వ్యవహరిస్తుంది అని."

"అవునండీ. అదే మాట."

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. ఆమె తిట్టు కోసం ఎదురుచూసింది. తిట్టు రాలేదు. "నిన్న మా ఆవిడ నాకు తెలియకుండా పొయ్యి కట్టేశానో లేదో చూసొచ్చింది," అన్నాడు. "నేను మర్చిపోతానని. చూసింది నాకు కనబడలేదనుకుంది." కాస్త ఆగి, "షాపులో మనిషి నిలబడి ఉన్నాడు, పెట్టేస్తాను," అని పెట్టేశాడు. టీచరమ్మగారూ అనలేదు. సరేనని కూడా అనలేదు.

ఆదివారం మూడింటికి అందరూ చేరారు. లెక్క తీసేముందు ఆమె మైకు నొక్కింది. తెర మీద పేర్ల వరసలో, అట్టడుగున, పట్టీ లేకుండా గుండీల బాబాయి పేరు కనబడింది. వచ్చాడు.

కాగితం మీద రాసుకుంది, చూసి చదివింది. గురువారం వాక్యం, ఆదివారం మీట, ఆ ఎగతాళి మాట, ఆరున్నరకు చెరపడం, బుధవారం అబద్ధం. ఒక్కటీ వదల్లేదు. బాబాయి పట్టీ తిరిగి ఇచ్చేయమని అడిగింది.

కల్నల్ గొంతు సవరించుకున్నాడు. "అయ్యో, దానికేముంది టీచరమ్మగారూ. ఆ నోటీసు నేనూ చదవలేదు. పొరపాటు ఎవరైనా చేస్తారు. పట్టీ ఇప్పుడే ఇచ్చేస్తున్నాను, ఇక లెక్క తీద్దామా, టైమవుతోంది."

"పొరపాటు మూడున్నరకు చేసిందండీ. ఆరున్నరకు చేసింది పొరపాటు కాదు."

ఆమె కాగితం వెనక్కి తిప్పింది.

"ఇంకోటి. నేను టీచర్ని కాదు. తొమ్మిదో తరగతి సగంలో మానేశాను. అడిగినప్పుడు కాదని చెప్పలేదు."

ఎవరో మెల్లగా ఈలవేశారు. ఇంకొకాయన, గుర్రపు దళంవాడు, అన్నాడు: "మా అమ్మాయి చేత మీరు చెప్పిందంతా స్కూల్లో రాయించానండీ నేను."

"మార్కులొచ్చాయా?" ఎవరో అడిగారు.

"వచ్చాయి, అదే కదా."

నలుగురైదుగురు నవ్వారు. ఆ నవ్వులో కోపం లేదు. తప్పించుకోవడానికి ఆమెకు అక్కడ తలుపు తెరిచిపెట్టినట్టే ఉంది. కల్నల్ అయితే "పట్టికలు ఎవరు రాస్తారు మీరు కాకపోతే," అని కూడా అనేశాడు. వాళ్ళకు యుద్ధం కావాలి, యుద్ధానికి ఆమె కావాలి, అందుకే అంత తేలిగ్గా వదిలేస్తున్నారు. అది అర్థమయ్యేసరికి, తిట్టి ఉంటే దాచుకోవడానికి ఏదైనా దొరికేది కదా అనిపించింది. ఇప్పుడు నిలబడ్డచోట నీడ కూడా లేదు.

అప్పుడు గుండీల బాబాయి మైకు వెలిగింది.

"అమ్మా, ఒకటి అడగొచ్చా?"

"అడగండి బాబాయిగారూ."

"ఇదొక్కటే చెరిపావా? ఇంతకుముందు కూడా ఏమన్నా చెరిపావా?"

ఈ ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు. కాగితం మీద దీనికి జవాబు లేదు. లేదు అని ఒక్క మాట అంటే అయిపోతుంది, ఎవరికీ ఎన్నటికీ తెలియదు. ఆ ఒక్క మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"చెరిపానండీ," అంది.

కల్నల్ ఏదో అనబోయాడు. "ఉండండి సార్," అన్నాడు బాబాయి, గొంతు పెంచకుండానే. "ఆ పేజీలో నేను చదివినవి చాలా ఉన్నాయి. అలా అని గుర్తు, తరవాత చూస్తే ఇంకోలా ఉండేది. నాదే పొరపాటనుకుని ఊరుకున్నాను. ఏవి నేను తప్పు చదివానో, ఏవి సరిగ్గానే చదివానో నాకు తెలియాలి. నిన్న డాక్టరు చూసి, నాలుగో తారీఖు మళ్ళీ రమ్మన్నాడు. ఆయనకు చెప్పాలి."

ఆమె కళ్ళు మూసుకుంది. ఎన్ని ఉన్నాయో వెతుక్కుంది. కత్తుల సంగతి ఒకటి, గుర్రపు దళం వంపుకత్తి పట్టిందో తిన్నని కత్తి పట్టిందో తారుమారుగా రాసి, ఎవరో అడిగితే మార్చేసి, మొదట్నుంచీ అలాగే ఉంది చూసుకోండి అంది. అది ఆయనతో కాదు. ఆయనతో జరిగింది ఇంకోటి ఉంది. ఎండాకాలంలో. కోటు గుండీలు ఒక్కొక్కటిగా కుట్టేవారా, జంటలుగా కుట్టేవారా అని. నోటీసులో ఆమె తప్పు రాసింది, ఆయన చెప్పిందే సరైంది. ఆమె రాత్రి అన్నం తినకముందే దాన్ని మార్చేసి, 'నేను మీరన్నట్టే రాశాను బాబాయిగారూ, మళ్ళీ చదవండి' అని జవాబిచ్చింది. ఆయన అప్పుడు 'అవునవును, నేనే సరిగా చూడలేదు' అని రాశాడు.

వారం క్రితం చేసిన పని మొదటిసారి చేసిన పని కాదు. ఇదే మనిషికి, ఇదే తీరులో, రెండోసారి చేసింది. ఇన్నాళ్ళూ అది ఆమెకు గుర్తు కూడా లేదు. ముక్కూ మొహమూ తెలియని నూట ముప్పైమంది వింటున్నారు. పక్కన ఉయ్యాలలో పాప ఒత్తిగిల్లింది. మైదానంలో వాన సన్నగా మొదలైంది, అది కూడా చరిత్ర ప్రకారం ఆమె పెట్టిందే, అందులో తుపాకులు దించి అందరూ నిలబడి ఉన్నారు.

"దీంతో కలిపి మూడున్నాయండీ," అంది. "రెండు మీవే."

"చెప్పు. తేదీలు గుర్తుంటే తేదీలతో చెప్పు."

కాగితం మీద పెన్సిలు ఆనించిన చప్పుడు వినబడింది.

"మొదటిది గుండీల సంగతి," అని మొదలుపెట్టింది. తేదీ ఒకటి చెప్పి, కాదని ఇంకోటి చెప్పింది.

"నిదానంగా చెప్పమ్మా," అన్నాడాయన. "రాసుకుంటున్నాను."